‘అనిర్వేదః శ్రియో మూలమ్’ తర్వాతి సర్గలో ఏముంది?

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్ ।
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః ॥

రామాయణం సుందరకాండ 12వ సర్గలోది (సర్గ అంటే అధ్యాయం) ఈ శ్లోకం. ఏళ్లు పట్టే పని ఏదైనా నెత్తికెత్తుకున్నవాళ్లకు ఎవరో ఒకరు దీన్ని పంపుతూనే ఉంటారు. నాకూ వచ్చింది, ఒకటికి రెండుసార్లు. నిజం చెప్పాలంటే మొదట్లో విసుగొచ్చింది. దిగులుపడి చతికిలబడకపోవడమే సంపదకు మూలం, అదే పరమసుఖం, అన్ని పనుల్లోనూ మనిషిని నడిపించేది అదే అంటుంది శ్లోకం. బాగానే ఉంది. కానీ ఇప్పటికే చతికిలబడ్డవాడికి ఈ మాట చెప్తే ఏం లాభం? జ్వరమొచ్చినవాడితో జ్వరం తెచ్చుకోకు అన్నట్టుంటుంది.

ముందూ వెనకా ఉన్న సర్గలతో కలిపి చదివాక ఆ విసుగు పోయింది.

హనుమ నూరు యోజనాల సముద్రం దాటి వచ్చాడు. రాత్రంతా లంకను గాలించాడు. రావణుడి అంతఃపురంలో నిద్రపోతున్న మండోదరిని చూసి సీతే అనుకుని, తోకను ముద్దుపెట్టుకుని గంతులేశాడు కూడా. కాసేపటికి, ఈమె సీత అయి ఉండదని తేల్చుకున్నాడు. అసలేమీ దొరకనప్పటి నీరసం ఒక ఎత్తు, దొరికిందనుకున్నది చేజారినప్పటి నీరసం ఒక ఎత్తు. 12వ సర్గలో ఆయన నోట వచ్చే మాట ‘వృథా జాతో మమ శ్రమః’. పడ్డ కష్టమంతా వృథా అయిపోయిందే! ఆ వెంటనే ఇంకో బెంగ: తిరిగి వెళ్తే వానరులంతా చుట్టూ చేరి ‘అక్కడికెళ్లి ఏం చేశావు, చెప్పు’ అంటారు. జాంబవంతుడు ఏమంటాడో, అంగదుడు ఏమంటాడో! పరీక్ష తప్పినవాడికి మార్కుల కంటే ముందు ఇంటికొచ్చే చుట్టాలు గుర్తొస్తారు చూడండి, అలాగన్నమాట.

సరిగ్గా ఇక్కడ అనుకుంటాడు, అనిర్వేదః శ్రియో మూలమ్ అని. లేచి మళ్లీ వెతుకుతాడు. పానశాలలు, పూల ఇళ్లు, చిత్రశాలలు, క్రీడాగృహాలు. తలుపులు తీస్తూ, మూస్తూ, ఎక్కుతూ, దిగుతూ. ఆ అంతఃపురంలో ఆయన అడుగుపెట్టని చోటు నాలుగు వేళ్ల వెడల్పు కూడా మిగల్లేదంటాడు వాల్మీకి.

అయినా సీత కనపడలేదు.

శ్లోకం పంపేవాళ్లెవరూ ఈ సంగతి చెప్పరు. అంత చక్కటి మాట చెప్పుకున్నాక, 13వ సర్గలో హనుమను కమ్ముకున్న దిగులు మొదటిదానికంటే చాలా పెద్దది. సీత కనపడలేదని చెప్తే రాముడు బతకడు. ఆయన లేకపోతే లక్ష్మణుడు ఉండడు. ఆ కబురు విని భరతుడు, శత్రుఘ్నుడు, తల్లులు. ఇటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, చివరికి వానరులంతా. ‘కనపడలేదు’ అన్న ఒక్క మాట నుంచి రెండు రాజవంశాలు కూలిపోయేదాకా ఊహించుకుంటూ పోయాడు. టెన్షన్‌తో నిద్రపట్టని రాత్రి మన బుర్రా ఇంతేగా! అసలు వెనక్కే వెళ్లకుండా, చెట్టు కింద వానప్రస్థుడిలా చేతికందింది తిని ఉండిపోదామా అని కూడా అనుకుంటాడు.

ఈ అనిర్వేదం అన్న మాట హనుమకు కొత్తదేమీ కాదు. కిష్కింధాకాండ 49వ సర్గలో, వెతికి వెతికి అలసిన వానరులకు అంగదుడు చెప్తాడు: దిగులుపడకపోవడం, సామర్థ్యం, మనసు ఓడిపోకపోవడం, ఇవే పనిని గట్టెక్కిస్తాయని. ఆ అంగదుడే, కొద్ది సర్గలు తిరిగేసరికి, సుగ్రీవుడు పెట్టిన నెల గడువు దాటిపోయిందని ప్రాయోపవేశానికి, అంటే తిండి మానేసి ప్రాణం విడవడానికి, కూర్చున్నాడు. చెప్పినవాడూ పడ్డాడు, విన్నవాడూ పడ్డాడు. నాకెందుకో ఇది చాలా ధైర్యమిచ్చింది. భరతముని నాట్యశాస్త్రంలో 33 సంచారీభావాలున్నాయి, వాటిలో మొట్టమొదటిది నిర్వేదమే. సంచారి అంటే వచ్చిపోయేది. రాకుండా ఎవరూ ఆపలేరు.

మరి హనుమ ఎలా బయటపడ్డాడు? ముందు ఒక్కటి తేల్చుకున్నాడు. చావడంలో ఎన్నో దోషాలున్నాయి, బతికి ఉంటే మేలు జరుగుతుంది, కాబట్టి ప్రాణాలు నిలుపుకుంటాను అని. ఆ మాటలో ఉత్సాహం పొంగిపొర్లడమేమీ లేదు. ఇంతకుముందు సర్గలోనే ఒక మాట అనుకుని ఉన్నాడు: ‘న యత్ర విచయః కృతః’. ఎక్కడ వెతకలేదో అక్కడ వెతుకుతాను. నా మటుకు ఆ ప్రసిద్ధ శ్లోకం కంటే పక్కనే ఉన్న ఈ పాదమే గట్టిది.

ఎందుకంటే నేను చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. సంస్కృతం నేర్చుకోవాలని మొదలుపెట్టి ఆరేళ్లయింది. మధ్యలో మూడుసార్లు వదిలేశాను. బుద్ధి తెచ్చుకున్న ప్రతిసారీ మళ్లీ మొదటి పాఠం, మళ్లీ రామః రామౌ రామాః. అంటే వెతికిన గదినే మళ్లీ వెతకడం. గది మారలేదు కాబట్టి విసుగూ మారలేదు. పట్టుదల లేదని నన్ను నేను తిట్టుకున్నాను తప్ప, మూలాన్ని నేరుగా తెరిచి ఒక్క శ్లోకమైనా తప్పులతడకగా చదువుదామని ఎప్పుడూ అనుకోలేదు. అర్థం కాదేమోనని భయం. చివరికి అలా తెరిచిన మొదటి పుటలు ఈ రెండు సర్గలే. ఒక్కో శ్లోకానికి అరగంట పట్టింది. వదిలెయ్యాలని మాత్రం అనిపించలేదు.

ప్రాకారం మీద ఉన్న హనుమకు అశోకవనం కనపడింది. పెద్ద పెద్ద చెట్లున్న తోట. ఆయన వానప్రస్థం గురించి ఆలోచిస్తున్నంతసేపూ అది అక్కడే ఉంది. ‘న హీయం విచితా మయా’, దీన్ని నేనింకా వెతకలేదే అనుకున్నాడు. పారాయణ చేసేవాళ్లందరికీ నోటికొచ్చిన ‘నమోఽస్తు రామాయ సలక్ష్మణాయ’ వచ్చేది ఆ తర్వాతే. వెళ్లాల్సిన చోటు తెలిశాక రాముడికి, లక్ష్మణుడికి, జానకికి, దేవతలందరికీ దణ్ణం పెట్టుకుని, ఆ గోడ మీంచి తోట గోడ మీదికి దూకాడు.

సీత కనపడేది 15వ సర్గలో.