పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా

మా అమ్మమ్మ 1978లో మద్రాసు శివార్లలో, అప్పట్లో వేరే పురపాలక సంఘంగా ఉన్న ఒక ఊళ్లో, తన సొంత ఇంట్లోనే కన్నుమూసింది. ఆ ఇల్లు నేటికీ ఆమె పేరు మీదే ఉంది. పట్టాను మా అమ్మ, మేనమామల పేరిటికి మార్చాలంటే వారసుల ధ్రువపత్రం కావాలి, దానికంటే ముందు ఆమె మరణ నమోదు తాలూకు సర్టిఫైడ్ కాపీ కావాలి. ఆ ఒక్క కాగితం కోసం తిరిగినప్పుడు తెలిసిన సంగతులు చెన్నైలో స్థిరపడిన మనవాళ్లకు పనికివస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

గెజిటెడ్ అధికారి చేత అటెస్ట్ చేయించిన జిరాక్సునూ సర్టిఫైడ్ కాపీనీ మనలో చాలామంది ఒకటే అనుకుంటారు; మా మామయ్యా అలాగే అనుకున్నాడు. అటెస్ట్ చేసే అధికారి తనకు చూపించిన కాగితంతో జిరాక్సు సరిపోయిందని మాత్రమే చెబుతాడు. సర్టిఫైడ్ కాపీని ఇచ్చేది అసలు రిజిస్టరు ఎవరి అధీనంలో ఉందో ఆ అధికారి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 75వ సెక్షను, అంతకుముందు 1872 నాటి సాక్ష్య చట్టంలోని 76వ సెక్షను చెప్పేది ఒకటే: నకలు అడుగున అది అసలుకు సరైన ప్రతి అని రాసి, తేదీ వేసి, అధికారి తన పేరూ హోదాతో సంతకం చేయాలి, కార్యాలయానికి ముద్ర ఉంటే అదీ వేయాలి. నకలు చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి వీటిని ఒక్కొక్కటిగా చూసుకోవడం మంచిది.

ఏ కార్యాలయానికి వెళ్లాలన్నదే మాకు ఎదురైన మొదటి చిక్కు. పార్కు టౌనులోని రిప్పన్ భవనం 1913 నుంచి కార్పొరేషనుకు ప్రధాన కార్యాలయం కాబట్టి ఎవరికైనా నేరుగా అక్కడికే వెళ్లాలనిపిస్తుంది. కానీ 2011లో చుట్టుపక్కల 42 స్థానిక సంస్థలు చెన్నైలో కలిశాయి, వాటిలో 9 పురపాలక సంఘాలు. అందువల్ల ఆ వీధి ఇప్పుడు ఏ వార్డులో ఉందని కాక, మనిషి పోయిన రోజున అది ఏ సంస్థ కింద ఉండేదని అడగాలి. మాకు కావలసిన పుస్తకాలు ఆ పాత ఊరి వ్యవహారాలను ఇప్పుడు చూస్తున్న కార్యాలయంలోని బీరువాలో దొరికాయి.

రెండో చిక్కు తేదీ. మా ఇంట్లో అందరికీ గుర్తున్నది శ్రావణ బహుళ పంచమి, ఎందుకంటే ఏటా ఆబ్దికం పెట్టేది ఆ తిథికే. వెతుకుడు రుసుమును ఎన్నేళ్ల పుస్తకాలు చూడాలో దాన్ని బట్టి లెక్కిస్తారు కాబట్టి, "డెబ్బైల చివర్లో ఎప్పుడో" అని దరఖాస్తులో రాస్తే డబ్బూ సమయమూ రెండూ పోతాయి. అది కాళయుక్తి సంవత్సరమని అమ్మ గట్టిగా చెప్పగలిగింది. పాత పంచాంగం చూస్తే 1978 ఆగస్టు నాలుగో వారమని తేలింది. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి: ఈ రిజిస్టర్లలో వరుస సంఖ్యలు నమోదు చేసిన క్రమంలో ఉంటాయి తప్ప చనిపోయిన క్రమంలో కాదు. అందుకే సెప్టెంబరు పుటలు కూడా చూడమని కోరాను.

అయినా మొదటిసారి పేరు దొరకలేదు. గుమాస్తా గారు బంగారమ్మ అనే పేరు కోసం చూశారు, పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నది పంగారమ్మాళ్. తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, క, గ లకూ ఒకటే. ఆనాడు మామయ్య తమిళంలో రాసి ఇచ్చిన చీటీని ఎవరో ఇంగ్లీషులోకి ఎక్కించినప్పుడు బ కాస్తా ప అయింది, ఇక్కడి అలవాటు ప్రకారం చివర ఆళ్ చేరింది. మనం నకలు అనేదాన్ని వాళ్లు నగల్ అంటారు, అదీ ఆ లిపి దారే. ఇంటిపేరు సంగతి చెప్పనక్కరలేదు. దాని చోట భర్త పేరులోని మొదటి అక్షరం ఉంది. చివరకు వీధి పేరునూ తలుపు సంఖ్యనూ బట్టి మా పద్దును గుర్తుపట్టాం. అంచులు పొడిబారిన ఆ పుటలో, వెలిసిన నీలి సిరాతో, సమాచారం ఇచ్చిన వ్యక్తి గడిలో పాతికేళ్ల మామయ్య సంతకం కనిపించింది. ఆ క్షణంలో నాకు నోట మాట రాలేదు.

నకలులో పేరును సరిగ్గా బంగారమ్మ అని రాసి ఇమ్మని బతిమాలాను. "ఇది నకలమ్మా, పుస్తకంలో ఉన్నదే రాయాలి" అన్నారాయన. అప్పుడు బాధ కలిగినా, ఆయన చెప్పింది అక్షరాలా న్యాయం. అడిగినవారి మాట మీద నకలు మారిపోయేదైతే రేపు మా ఇంటి మీద మరొకరు తెచ్చే నకలును మేము ఎలా నమ్మాలి? దిద్దుబాటుకు వేరే దారి ఉంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారు అసలు పద్దును తాకకుండా పక్కన మార్జినులో సవరణ రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. దానికోసం ఇంటి దస్తావేజునూ, ఆమెను ఎరిగిన ఇద్దరు పెద్దల వాంగ్మూలాలనూ జతచేశాం. ఆ ఇద్దరిలో ఒకరు ఎదురింటి తమిళ పెద్దావిడ. మా అమ్మమ్మ పేరును ఆమె నేటికీ బంగారు అనే పలుకుతుంది.

నకలులో మరణ కారణం ఉండదు. దాన్ని బయటపెట్టకూడదని అదే చట్టంలోని 17వ సెక్షను చెబుతుంది, కాబట్టి అది లేదని ఎవరూ కంగారు పడనక్కరలేదు.

సవరణ జరిగిన తర్వాత మూడు నకళ్లు తీసుకున్నాం. ప్రతిదానిలోనూ పంగారమ్మాళ్ అన్న పాత పేరు అలాగే ఉంది, పక్కన మార్జినులో బంగారమ్మ అని, కింద ఈ ఏటి తేదీ. ఒకటి వారసుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లింది, ఒకటి మామయ్య దగ్గర ఉంది, మూడోదాన్ని అమ్మ ఇంటి దస్తావేజుతో కలిపి పెట్టెలో దాచింది.