చెప్పుల్లేని కాళ్లు

పోయినేడు డిసెంబరులో ఒకరోజు, తెల్లారుజామున ఐదు గంటల వేళ, మా గేటు ముందు ఒక అయ్యప్పస్వామి ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. నల్ల పంచె, తడి జుట్టు, నుదుట విభూతి ఇంకా పూర్తిగా ఆరలేదు. ఒక చెయ్యి మా ప్రహరీకి ఆన్చి, ఎడమ పాదం పైకెత్తి వీధిదీపం వెలుగులో చూసుకుంటున్నారు. గేటు చప్పుడికి తలెత్తి, "కొంచెం నీళ్లిప్పిస్తారా మాతా" అన్నారు.

బకెట్టూ చెంబూ తెచ్చాను. నేను పోస్తుంటే ఆయన కడుక్కున్నారు. తొక్కిన కుక్క పెంట వేళ్ల సందుల్లోకి పోయింది. గోడ పక్కనున్న పెంకు ముక్క తీసుకుని గీక్కున్నారు, మళ్లీ పొయ్యమన్నారు, మళ్లీ గీక్కున్నారు. ఆ చలిలో, ఆ చన్నీళ్లతో. "మళ్లీ తానం చేసి రావాలి, పూజకి టైమైపోతాది" అని తనలో తనే అనుకుని, నాకు "స్వామి శరణం" చెప్పి వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయారు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

ఆ పెంట మా జూలీది. అంతకు పది నిమిషాల ముందు గొలుసు పట్టుకుని పక్కనే నిలబడ్డది నేను. చీకటి కదా, ఎవరు చూస్తారులే అని లోపలికి వచ్చేశాను. నీళ్లు పోస్తున్నంతసేపూ "స్వామీ, అది మా కుక్కే చేసింది" అని చెప్పేద్దామనే ఉంది. నోరు పెగల్లేదు. ఇదిగో, ఇన్నాళ్లకి రాస్తున్నాను.

జూలీ మా అబ్బాయి తెచ్చుకున్న లాబ్రడార్. వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది, అక్కడ అద్దెకిచ్చినవాళ్లు కుక్కని ఒప్పుకోలేదు. అలా ముప్ఫై కిలోల జూలీ నా దగ్గర ఉండిపోయింది. అదివరకు నాకు కుక్కంటే భయం. ఇప్పుడు నేను మిషను తొక్కుతుంటే అది నా కాళ్ల దగ్గర పడుకోకపోతే కుట్టు సాగదు. ఇంట్లో టైలరింగు చేస్తాను నేను, జాకెట్లూ చిన్నపిల్లల గౌన్లూ. ఇల్లు అయ్యకోనేరుకి రెండు సందుల అవతల. పొద్దున్నే కోనేటి గట్టు చుట్టూ నడక, నాకూ జూలీకీ.

ఆ స్వామి వెళ్లిపోయిన దగ్గర్నించీ నాకు ఊళ్లో కాళ్లే కనపడ్డం మొదలుపెట్టాయి. విజయనగరంలో పుట్టి పెరిగాను. ఇక్కడ ఇంతమంది చెప్పుల్లేకుండా నడుస్తారని అంతవరకూ పట్టించుకోలేదు. కార్తీకం మొదలుకుని సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలు. దసరాకి ముందు భవానీ మాలలు. మంగళవారం పొద్దున పైడితల్లమ్మ గుడికి మొక్కు చెల్లించుకోడానికి ఇంటి దగ్గర్నించే ఉత్తికాళ్లతో బయల్దేరే ఆడవాళ్లు. దసరా వెళ్లిన మంగళవారం, ఆ అమ్మవారి జాతరలో పూజారిని కూర్చోబెట్టిన పొడవాటి సిరిమాను తిరిగే రోజు సంగతి చెప్పక్కర్లేదు. పల్లెల నించి వచ్చిన జనం, ముసలీ ముతకా, గుడి దగ్గర్నించి కోట దాకా ఇసకేస్తే రాలనట్టు ఉంటారు. అందులో చెప్పులేసుకోని కాళ్లు ఎన్నో. ఇక మా ఎదురింటి మామ్మగారు ధనుర్మాసం నెలంతా చీకటితో లేచి కళ్లాపి చల్లి ముగ్గు పెడతారు. చెప్పులేసుకుని ముగ్గు పెట్టడం ఆవిడ ఎరగరు. చేత్తో పేడ కలుపుతారు, ఉత్తికాళ్లతో వాకిలంతా తిరుగుతారు. సాయంత్రమైతే అదే వాకిట్లో ఆవిడ మనవలు, చుట్టుపక్కల పిల్లలూ ఇసకలో పడి దొర్లుతారు.

ఇలాంటి ఊళ్లో కుక్కని పెంచుతూ దాని వెనక శుభ్రం చెయ్యకపోవడం అంటే, ఎవరి అరికాలి కిందో పెట్టి రావడమే. చూసినవాడు పక్కకి తప్పుకుంటాడులే అంటాం. చీకట్లో నడిచే స్వామి ఎలా తప్పుకుంటాడు?

మా ఆడపడుచు కొడుకు గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతున్నాడు. సెలవులకి వచ్చినప్పుడు వాడికీ సంగతి చెప్పాను. వాడు నవ్వలేదు. "అత్తా, పాదం పాడయిందని మాత్రమే అనుకుంటున్నావా" అని కూర్చుని వివరంగా చెప్పాడు. కుక్క పేగుల్లో కొంకి పురుగులుంటే వాటి గుడ్లు పెంటతో పాటే బయటికొస్తాయట. తడిగా, వెచ్చగా ఉన్న మట్టిలో ఒకటి రెండు రోజుల్లో పొదిగి, వారం పది రోజుల్లో చర్మంలోంచి దూరగలిగే పిల్ల పురుగులవుతాయట. ఉత్తికాలు మోపితే చాలు. మనిషి ఒంట్లో ఆ కుక్క పురుగు మామూలుగా లోపలి దాకా పోలేక, చర్మం కిందే దారి తెలియకుండా పాకుతుంది. అరికాలి మీద ఎర్రగా వంకరటింకర గీత, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని దురద. నా దగ్గర కుట్టించుకోడానికి వచ్చే ఒకావిడ కాలి మీద అలాంటి గీత నేను చూశాను. దేనివల్ల వచ్చిందో నాకు తెలీదు, ఆవిడ మాత్రం తామర అనుకుని నెల్లాళ్లు మందు రాసుకుంది.

వాడు చెప్పిన రెండో సంగతి నన్ను ఇంకా కలవరపెట్టింది. కుక్కల ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయట. మట్టిలో ఆడిన చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల కడుపులోకి అవి పోతే, పిల్ల పురుగులు కాలేయానికీ, ఊపిరితిత్తులకీ, ఒక్కోసారి కంటికీ చేరతాయట. కంటికి చేరితే చూపే దెబ్బతినొచ్చు. కానీ ఇందులోనే ఒక ధైర్యం కూడా ఉంది. అప్పుడే పడ్డ పెంటలో ఆ గుడ్లు ఇంకా ఎవరికీ అంటవు. అవి తయారవడానికి రెండు వారాలో ఆ పైనో పడుతుంది. అంటే ఆ పూటకి ఆ పూట ఎత్తేస్తే కథ అక్కడితో సరి. జూలీకి మూడు నెలలకోసారి పురుగుల మందు వేయించడం కూడా వాడు పట్టుబట్టాకే మొదలైంది. ఇంకో మాట కూడా అన్నాడు, కుక్కలున్నవాళ్లు వినాలి. కుక్కలకొచ్చే పార్వో జబ్బు కూడా పెంటతోనే పాకుతుంది, ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. టీకా లేని వీధి కుక్కపిల్లలు రక్తవిరేచనాలతో పోతుంటే చూసి అయ్యో అంటాం. ఆ నేల ఎలా ఉందో చూడం.

ఎత్తడం ఎలాగో నేర్చుకోడానికి నాకు పది రోజులు పట్టింది. మొదటిరోజు పాల ప్యాకెట్టు చేతికి తొడుక్కుని వంగాను. ఆ వెచ్చదనం ప్లాస్టిక్‌లోంచి వేళ్లకి తగిలేసరికి కడుపులో తిప్పింది. చెయ్యి వెనక్కి తీసేసుకుని ఇంటికొచ్చేశాను. మెట్ల దాకా వచ్చి, స్వామి పాదం గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి ఎత్తాను. తరవాత నాకు తెలిసిన పనిలోంచే ఉపాయం దొరికింది. జాకెట్టు కటింగుకి పాత పేపర్లు మా ఇంట్లో కట్టలు కట్టలుంటాయి. ఒక పెద్ద ఠావుని నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుంటాను. జూలీ గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, నడుం వంచిందంటే సమయమైనట్టే. అప్పుడు పేపరు వెనకనించి నెమ్మదిగా దాని కిందికి జరుపుతాను. నేలకి తగలకుండా పేపరు మీదే పడిపోతుంది. నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి మెలితిప్పితే పొట్లం. మొదట్లో జూలీ బెదిరి లేచిపోయేది, నాలుగు రోజులకి అలవాటు పడింది. ఇప్పుడు పేపరు చప్పుడు వినిపించాకే కూర్చుంటుంది.

వానాకాలం పేపరు పనికిరాదు, తడిసి చిరిగిపోతుంది. అప్పుడు చిన్న తాపీ, మూతున్న పాత ఐస్‌క్రీం డబ్బా. కడుపు బాగాలేక పల్చగా పోయినప్పుడు పైన పొడి మట్టి చల్లి, ఒక నిమిషం ఆగి, మట్టితో సహా గీరి ఎత్తాలి. ఆ చోట సీసాలో నీళ్లు పొయ్యాలి. రోడ్డు మీద ఉత్త నీళ్లు పోసి చేతులు దులుపుకుంటే మాత్రం అది కాలవలోకే పోతుంది.

ఎత్తాను సరే, ఎక్కడ పడెయ్యాలి? ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. కొన్నాళ్లు ఆ పొట్లాలు తడి చెత్త బుట్టలో వేసి, పొద్దున చెత్త బండికి ఇచ్చేశాను. ఒకరోజు నేను గేటు దగ్గర నిలబడి ఉండగానే, చెత్త బండి ఆవిడ బుట్ట బోర్లించి చేత్తో వేరు చేస్తూ ఆ పొట్లం విప్పింది. చేతికి తొడుగు లేదు. విప్పాక వాసన తెలిసింది. నా మొహం వంక చూసి, గట్టిగా కూడా కాదు, మామూలుగానే అడిగింది.

"ఏటమ్మా, పెంచుకున్నది నువ్వు. ఎత్తీది నానా?"

నేను ఎత్తాననే అనుకున్నాను. ఎత్తి ఆవిడ చేతిలో పెట్టాను. స్వామి కాలి కిందనించి తీసి ఇంకొకరి చేతిలోకి మార్చాను, అంతే. ఆవిడకి సబ్బిచ్చి చేతులు కడిగించి, తప్పైపోయిందమ్మా అని చెప్పాను. ఈసారి నోరు పెగిలింది. మర్నాటి నించీ పేపరు విడిగా తీసేసి, లోపలిది పెరటి మరుగుదొడ్డిలో వేసి రెండు బకెట్ల నీళ్లు పోస్తున్నాను. అది సెప్టిక్ ట్యాంకుకి పోతుంది, ఇంట్లో మనందరిదీ పోయే చోటికే. మిగిలిన పేపరు మళ్లీ ఒక కవర్లో కట్టి, పైన కుక్కది అని రాసి, తెరవక్కర్లేదని ఆవిడకి చెప్పి ఇస్తాను. పెరడున్నవాళ్లు లోతుగా గొయ్యి తీసి కప్పెట్టొచ్చు, నూతికీ కూరపాదులకీ దూరంగా.

కూరపాదుల మాట ఎందుకంటున్నానంటే, మామ్మగారే ఒకరోజు అడిగారు, "ఆవు పేడ ఎరువైనప్పుడు ఇది ఎరువవదా" అని. మంచి ప్రశ్నే. మన వీధుల్లో ఆవు పేడ వేస్తే నేల మీద పడి ఉండదు. ఎవరో ఒకరు తట్టతో వస్తారు, పిడకలకో, కళ్లాపికో, గొబ్బెమ్మలకో. పేడ ఎత్తడానికి మన చేతులకి ఎన్నడూ రోత లేదు. కానీ ఆవు తినేది గడ్డి. కుక్క తినేది మాంసం, గుడ్లు, మనం పెట్టే అన్నం. అందులోని పురుగు గుడ్లు చావాలంటే ఎరువు గుంట బాగా వేడెక్కాలి, ఇంటి వెనక పెట్టే చిన్న గుంటకి అంత వేడి రాదని మా మేనల్లుడు చెప్పాడు. వంకాయ మొక్కకి అది వెయ్యొద్దత్తా అన్నాడు.

కోనేటి గట్టు మీద కుక్కలతో నడిచేవాళ్లు మేం ఐదారుగురం. అందరూ మంచివాళ్లే, ఇళ్లల్లో కుక్కల్ని బిడ్డల్లా చూసుకునేవాళ్లే. ఈ మాట ఎత్తితే మాత్రం దాదాపు అందరూ ఒకటే అడుగుతారు: "వీధి కుక్కలు ఇన్ని చేస్తున్నాయి కదండీ, అవెవరెత్తుతారు? మన ఒక్కదానితో ఏమవుతుంది?" దీని గురించి నేను చాలా ఆలోచించాను. వీధి కుక్కకి ఎవరూ లేరు, నిజమే. జూలీకి నేనున్నాను. దానికి పేరు పెట్టాం, మెళ్లో పట్టీ కట్టాం, టీకాలు వేయించాం, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాం. దాని తిండి నాది, దాని మందు నాది అని ఒప్పుకున్నదాన్ని, దాని పెంట మాత్రం ఊరిదని ఎలా అంటాను? పైగా ఇంటి ముందు కాకుండా పక్క సందులోకి, ఖాళీ స్థలం దాకా తీసుకెళ్లి మరీ చేయిస్తాం. ఆ పెంట మనదేనని మనకి లోపల తెలుసు కాబట్టే కదా తీసుకెళ్తాం.

ఇంకొకాయన, "విదేశాల్లో వాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటండీ, మనకి రాదు" అన్నారు. మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు, అదేం పుట్టుకతో రాలేదు. న్యూయార్క్‌లో 1978లో చట్టం చేసి, ఎత్తనివాళ్లకి జరిమానా పెట్టారు. అంతకుముందు అక్కడి వీధులు కుక్కల పెంటతోనే ఉండేవట. ఎత్తమంటే ఊళ్లో పెద్ద గొడవలయ్యాయట. ఆ వంగడం వాళ్లూ నేర్చుకున్నదే.

మొన్న వారం గట్టు మీద జర్మన్ షెపర్డ్‌ని తిప్పే మాస్టారు, నేను వంగి పొట్లం కడుతుంటే ఎప్పట్లాగే కోనేటి వైపు తిరిగి నిలబడ్డారు. నేను లేచేసరికి ఆయన కుక్క కూర్చుంది. నా చంకలో ఇంకో మడత ఉంది. "మాస్టారూ" అని ఇచ్చాను. ఆయన తీసుకుని, ఎటు తిప్పాలో తెలియక రెండు చేతులా పట్టుకుని నిలబడ్డారు. "వెనకనించండి, నెమ్మదిగా" అన్నాను. సగం పేపరు మీద పడింది, సగం నేల మీద. మిగతా సగం పేపరు కొసతో ఆయనే తీశారు. చెవులు ఎర్రబడ్డాయి, ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఆయన చొక్కా జేబులోంచి పేపరు కొస బయటికి కనపడింది.

మళ్లీ అయ్యప్ప మాలల రోజులొస్తున్నాయి. పొద్దున ఐదున్నరకి నేను కోనేటి గట్టు మీదే ఉంటాను, పసుపు చున్నీ, నల్ల లాబ్రడార్. నా చంకలో ఎప్పుడూ రెండు మడతలు ఎక్కువే ఉంటాయి. కావాలంటే అడగండి.