మరక పోని తెల్ల చొక్కా

ఉతికిన బట్టలు మడతపెడుతుండగా ఫోన్ మోగింది. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తొలగించారన్న వార్త అది. అప్పుడు నా చేతిలో ఉన్నది ఓరెగన్‌తో మ్యాచ్ జరిగిన రాత్రి వేసుకున్న తెల్ల టీషర్టు. ముఖానికి పూసుకున్న నీలిరంగు మెడపట్టీకి అంటుకుని, రెండు ఉతుకులైనా పోలేదు.

2025 సీజన్‌కు ముందు దేశంలో రెండో ర్యాంకు దక్కిన జట్టు మనది. సెప్టెంబరు 27న ఓరెగన్‌తో రెండు ఓవర్‌టైమ్‌ల (అదనపు సమయాల) దాకా పోరాడి 30-24తో ఓడినప్పుడు బాధపడ్డాను గానీ ఆశ వదులుకోలేదు. ఆ తర్వాత, ఆ సీజన్‌లో అప్పటిదాకా ఒక్క గెలుపూ లేని యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీ జట్టు) చేతిలో 42-37తో ఓటమి. ఈ వార్తకు ముందు రోజు మన సొంత బీవర్ స్టేడియంలోనే నార్త్‌వెస్టర్న్ చేతిలో 22-21. ఒక్క పాయింటు! పైగా బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ డ్రూ అలర్ గాయపడి సీజన్‌కే దూరమయ్యాడు.

కోచ్‌ను తీసేయమని ఆ రోజు చుట్టూ నినాదాలు మిన్నంటుతుంటే నేను గొంతు కలపలేకపోయాను. పెద్ద జట్లు ఎదురైనప్పుడు చాలాసార్లు తడబడ్డామన్నది నిజమే, మార్పు అవసరమేనని నాకూ అనిపించింది. అయినా 2014 నుంచి 104 విజయాలు అందించి, అదే ఏడాది జనవరిలో జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళిన మనిషిని సీజన్ నడిమధ్యలో సాగనంపడం చూస్తే మనసు చివుక్కుమంది.

ఆ సీజన్‌లో మిగిలిన మ్యాచ్‌లకు ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడిన టెర్రీ స్మిత్ తాత్కాలిక కోచ్‌గా ఉంటారని చెప్పారు. టీషర్టు మడిచి, చేతికందే పై అరలోనే పెట్టాను.