ఆర్‌సీ 390కి కొత్త టైర్లు: విశాఖలో నా అనుభవం

విశాఖపట్నంలో స్పోర్ట్స్ బండి నడిపేవాళ్ల టైరు రెండు చోట్ల అరుగుతుంది. రోజూ గాజువాక, ఎన్‌ఏడీ మీదుగా ఆఫీసుకి, అప్పుడప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద అన్నవరం వైపు తిన్నగా పోతుంటే వెనక టైరు నడిమి భాగం అరుగుతుంది. ఆదివారం పొద్దున్నే శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కితే పక్కలు అరుగుతాయి. నాది 2018 నాటి కేటీఎం ఆర్‌సీ 390. హైవే మీదే ఎక్కువ తిరిగింది. 2023 వానాకాలం వచ్చేసరికి, కంపెనీ నుంచి వచ్చిన మెట్జెలర్ స్పోర్టెక్ ఎం5 వెనక టైరు నడిమి అంతా బల్లపరుపుగా అయిపోయింది. పక్కల్లో మాత్రం గాళ్లు ఇంకా లోతుగానే ఉన్నాయి.

ఇలాంటి టైరు తిన్నటి రోడ్డు మీద ఏమీ బయటపెట్టదు. మలుపులోనే తెలుస్తుంది. వాల్చబోతే ముందు మొరాయిస్తుంది, చదును అంచు దాటగానే బండి ఒక్కసారిగా పక్కకి ఒరుగుతుంది. గాలి కొట్టించి చూశాను, చైను సరిచేయించాను, ఏ తేడా రాలేదు. టైరు పక్కగోడ మీద టీడబ్ల్యూఐ అని చిన్న అక్షరాలు ఉంటాయి, అరుగుదల హద్దుకి గుర్తు అన్నమాట. వాటికి ఎదురుగా గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. నడిమి రబ్బరు అరిగి అరిగి ఆ దిమ్మకి సమానంగా వచ్చేసింది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనం టైరుకి కనీసం 0.8 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలి. వానలో ఘాట్ ఎక్కేవాళ్లు అక్కడిదాకా ఆగకూడదని నా గట్టి అభిప్రాయం. నీళ్లు పక్కకి పోవడానికి దారి కావాలి కదా.

ముందు టైరులో లోతు ఉంది. అయినా రెండూ మార్చాలనే నిర్ణయించుకున్నాను. అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలా తగులుతోంది. పైగా రబ్బరుకి వయసు మీద పడింది. వెనక కొత్త మోడల్, ముందు పాత మోడల్ ఉంటే రెండింటి గుండ్రదనం వేరు, వాలే తీరు వేరు. స్పోర్ట్స్ బండిని నమ్మి మలుపులో వదలాలంటే ముందు చక్రం ఏం చేస్తుందో చేతులకి ముందే తెలియాలి.

ఇక సలహాలు మొదలయ్యాయి. "ఒరే, వెనక 160 వెయ్యరా, బండి లుక్కే మారిపోద్ది" అన్నాడు మా ఫ్రెండ్. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఆర్‌సీ 390కి వెనక 150/60, అంటే వెడల్పు 150 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, 90 మిల్లీమీటర్లు. 160/60 వేస్తే ఆ ఎత్తు 96 అవుతుంది. చక్రం మొత్తం మీద 12 మిల్లీమీటర్లు, దాదాపు రెండు శాతం, పెద్దదవుతుంది. వెనక భాగం లేస్తుంది, గేరింగ్ కూడా కాస్త మారుతుంది. అసలు చిక్కు రిమ్ముతో. ఈ బండి వెనక రిమ్ము వెడల్పు 4 అంగుళాలు. 160కి చక్కగా కుదిరేది నాలుగున్నర. సన్నటి రిమ్ములో వెడల్పు టైరుని ఇరికిస్తే అంచులు దగ్గరికి నొక్కుకుని నడిమి భాగం కోసుగా పైకి లేస్తుంది. వెడల్పుకి డబ్బులిచ్చినా రోడ్డుని తాకే చోటు ఆ మేరకు పెరగదు. కంపెనీ ఇచ్చిన సైజుతోనే ఉండిపోయాను.

సైజు తేలింది, రకం తేలాలి. రేసు ట్రాక్ కోసం చేసిన మెత్తటి రబ్బరు బాగా వేడెక్కితేనే పూర్తి పట్టు ఇస్తుంది. రోడ్డు మీద, అదీ వానలో, ఆ వేడి నిలవదు. జులై, ఆగస్టుల్లో అనంతగిరి దగ్గర కాఫీ తోటల నీడలో రోడ్డు మధ్యాహ్నం దాకా ఆరదు. మలుపు తిరగగానే కొండ మీంచి దిగిన సన్నటి నీటి పాయ, దాని వెంట ఎర్రమట్టి, కుళ్లిన ఆకులు. అక్కడ నాకు కావాల్సింది చల్లగా ఉన్నప్పుడు, తడిలో పట్టు ఇచ్చే రబ్బరు. సిలికా అనే పొడి రబ్బరులో బాగా కలిపిన స్పోర్ట్ టూరింగ్ రకం టైర్లు అందుకే తయారు చేస్తారు. నడిమి భాగం హైవేకి తట్టుకోవడం కూడా వాటి పనే.

పిరెల్లి డయాబ్లో రోసో నాకు చాలా ఇష్టమైన టైరు. కానీ 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం టైర్ల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఆన్‌లైన్‌లో కనిపించే మోడల్ షాపులో ఉంటుందన్న భరోసా లేదు, ఉన్నా ఎప్పటిదో చూసుకోవాలి. ఒక షాపులో మంచి డిస్కౌంట్ ఇస్తామన్నారు. టార్చి వేసి పక్కగోడ చూశాను. డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు: 2318. అంటే 2018లో 23వ వారం. వాడకపోయినా ఐదేళ్ల రబ్బరే. గాళ్ల అడుగున సన్నటి పగుళ్లు కూడా ఉన్నాయి. "లోపలే ఉంది బాబూ, ఎండ తగల్లేదు" అన్నారు. వద్దని వచ్చేశాను. డిస్కౌంట్ ఎంతైనా ముందు ఆ నాలుగంకెలు చూడండి.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి మన దేశపు అపోలో ఆల్ఫా హెచ్1. ఇదే సైజుల్లో రేడియల్ (లోపలి దారాలు అడ్డంగా సాగే రకం), ధర కూడా అందుబాటులోనే. ఎండాకాలం ఎక్కువ తిరిగేవాళ్లకి నేను మొదట చెప్పేది అదే. రెండోది మిషెలిన్ రోడ్ 5. టీవీఎస్ వాళ్లు 2020 నుంచి అపాచీ ఆర్‌ఆర్ 310కి కంపెనీలోనే దీన్ని వేశారు. ఆ బండి సైజులు కూడా నా బండివే: ముందు 110/70, వెనక 150/60, రిమ్ములు పదిహేడు అంగుళాలు. అందుకే తాజా సరుకు దొరికే అవకాశం ఎక్కువ. దాని గాట్లు పైన సన్నగా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. అరిగాక కూడా నీళ్లకి దారి ఇవ్వడానికే ఆ ఏర్పాటు. ధర బాగా ఎక్కువే. వాన, ఘాట్, వెనక మా ఆవిడ, ఈ మూడూ తలుచుకుని దాన్నే తీసుకున్నాను. కొనేముందు లోడు, స్పీడు కోడ్లు కూడా సరిచూశాను. వెనక టైరు మీద 66 అంటే 300 కిలోలు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్లు. బండి కాగితాల్లో ఉన్నదానికన్నా తక్కువది ఎప్పుడూ వేయకూడదు.

బిగించే పనికి మెషీన్ ఉన్న షాపుకే వెళ్లాను. ఇనప కడ్డీలతో లాగితే అల్లాయ్ రిమ్ము అంచు గీసుకుపోతుంది. అక్కడి అన్న పని తీరు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. పాత టైరు ఊడదీసి, రిమ్ము అంచుకి పట్టిన పాత రబ్బరు మురికిని గుడ్డతో రుద్ది రుద్ది తీశాడు. వాల్వు కొత్తది వేశాడు. టైరు మీది బాణం తిరిగే దిక్కుకి ఉందో లేదో నన్ను కూడా చూడమన్నాడు. పసుపు చుక్క వాల్వు ఎదురుగా వచ్చేలా తిప్పాడు, అది టైరులో తేలికైన చోటు. అంచులకి సబ్బు నీళ్లు రాసి గాలి పెడితే రెండు వైపులా టప్, టప్ అని కూర్చుంది. అంచు చుట్టూ ఉన్న సన్నటి గీత రిమ్ముకి అంతటా ఒకే దూరంలో ఉందని వేలితో తడిమి చూపించాడు. తర్వాత బ్యాలెన్సింగ్ చేసి బరువులు అంటించాడు. చక్రం ఎక్కించాక చైను వదులు మళ్లీ కొలిచాం. వెనక ఇరుసు విప్పాక అది తప్పనిసరి.

కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుంది. మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు గట్టి బ్రేకు వేయకుండా, రోజూ కొంచెం కొంచెం ఎక్కువ వాలుస్తూ భీమిలి బీచ్ రోడ్డు మీద తిప్పాను. తర్వాత తుంపరలో అరకు ఎక్కాం. మొరాయింపు లేదు, ఒరుగుడు లేదు, బండి చూసిన వైపుకి ఒకే తీరున వాలుతోంది. గాలికొండ దగ్గర దిగి చూస్తే వెనక టైరు పక్కలకి, దాదాపు అంచు దాకా, ఎర్రమట్టి సమంగా అంటుకుని ఉంది.

ఇప్పుడు వారానికోసారి పొద్దున్నే, బండి కదలకముందు, నా సొంత గేజీతో గాలి చూసుకుంటున్నాను. బంకుల్లో గేజీలు ఒకదానికొకటి కలవవు. బిల్లుతో పాటు ఆ నాలుగంకెల ఫొటో కూడా ఫోన్‌లో పెట్టుకున్నాను, టైరులో తయారీ లోపం ఏదైనా బయటపడితే వారంటీకి ముందు అడిగేది అవే.