ఇలకోడి అరిచేదాకా: నా టాంగో శిక్షణ అనుభవం

బ్యూనస్ ఎయిర్స్‌లో నాలుగు వారాల టాంగో చాంబర్ సంగీత శిక్షణ మొన్ననే ముగిసింది. టాంగో అర్జెంటీనా నృత్య సంగీతం, చాంబర్ అంటే కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే పద్ధతి; నా వాద్యం వయొలిన్. దరఖాస్తు, అల్మాగ్రో పేటలో అద్దెగది, బస్సులకు సూబే కార్డు, ఇవేవీ నన్ను ఇబ్బంది పెట్టలేదు.

అర్జెంటీనా టాంగో స్వరకర్త ఆస్తోర్ పియసోలా 1965లో కూర్చిన ‘వెరానో పోర్తేన్యో’ను, ఆయన బృందాలలో చెల్లో వాయించిన హొసే బ్రగాతో పియానో, వయొలిన్, చెల్లోలకు అనువుగా రాశారు. నాకూ, పియానో, చెల్లో వాయించే మరో ఇద్దరికీ ఆ కృతినే ఇచ్చారు. ఎనిమిది తాళాక్షరాలను 3+3+2గా విరవడం పియసోలా సంగీతానికి ప్రాణం. ఎనిమిదో ఏట నుంచి ఆదితాళం వేస్తూ పెరిగి, తరువాత పదేళ్లు పాశ్చాత్య పద్ధతిలో సాధన చేసినవాణ్ణి గనుక ఇదొక లెక్కా అనుకున్నాను. అనుకుని ఊరుకోక తోటివారితో అన్నాను కూడా. మాస్టారు మొదటిరోజే నన్ను ఆపి, మీ లెక్క తప్పడం లేదు గాని లెక్కపెడుతున్నారని వినిపిస్తోంది అని పదిమంది ఎదుట అన్నారు.

అసలు పరువు పోయింది చిచర్రా దగ్గర. చిచర్రా అంటే ఇలకోడి; టాంగోలో వయొలిన్‌తో దాని అరుపును పలికించే పద్ధతికీ అదే పేరు. తీగలు ఆనే బ్రిడ్జికి ఆవల, డి తీగకు దారం చుట్టిన చోట, పిడి దగ్గరి కమానుతో నొక్కి గీకాలి. కమానుకు రాసిన రజను పొడి రాలిందే గాని నాకు పలికినది సన్నని ఈల. మాస్టారు నా వయొలిన్ తీసుకుని పదహారేళ్ల అమ్మాయికిచ్చారు. ఆమె రెండు గీతలు గీకగానే గదంతా ఇలకోడి అరుపులతో నిండిపోయింది, వెంటనే నవ్వులతోనూ. ఇన్నేళ్లు నాదశుద్ధి కోసం తిన్న తిట్లన్నీ ఆ క్షణంలో గుర్తుకొచ్చాయి.

1954లో పారిస్‌లో సంగీత గురువు నాదియా బులాంజే దగ్గర చేరిన పియసోలా కూడా తాను టాంగో వాద్యకారుణ్ణని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఆమె వాయించమని పట్టుబట్టి విని, అసలు పియసోలా అక్కడే ఉన్నాడని చెప్పింది. 1960 నాటి ఐదుగురి బృందంలో వయొలిన్, బాందొనెయాన్ అనే తిత్తుల వాద్యం పక్కన జాజ్ ధోరణిలో ఎలక్ట్రిక్ గిటార్‌ను కూర్చోబెట్టగలిగినవాడు, శుచికి కట్టుబడి ఉంటే ఆ పని చేయగలిగేవాడా? ఇది మన గురువులు కూడా కాస్త ఆలోచించవలసిన విషయం.

వెళ్లేవారు పాత కమాను ఒకటి వెంట ఉంచుకోండి. నా మంచి కమాను వెంట్రుకలు మూడు రోజులకే తెగడం మొదలుపెట్టాయి. ధ్రువపత్రం కోసం మాత్రం ఆశపడకండి. అక్కడి గుమాస్తా నాలుగుసార్లు రేపు రమ్మని, ఐదోసారి నా ఇంటిపేరులో ఒక అక్షరం మింగి ఇచ్చాడు.

ముగింపు కచేరీలో ఇలకోడి గట్టిగానే అరిచింది. మాస్టారు తల ఎత్తలేదు, మెచ్చుకోలేదు. కాని నెల రోజులలో మొదటిసారి నన్ను మధ్యలో ఆపలేదు.