సాయంత్రం వచ్చినాయనకూ అంతే కూలి

పదకొండు దాటింది. ఈయన గురక పెడుతున్నడు. నాకు నిద్ర పడతలేదు, అదీ ఎనిమిది వందల రూపాయల కాడ.

పొద్దున కాజీపేట అడ్డా మీది నుంచి ఇద్దరిని తీసుకొచ్చిండు, ఇసుక మేడ మీదికి మోయనీకి. నాలుగింటికి మబ్బు పట్టిందని ఇంకొకాయనను తెచ్చిండు. ముసలాయన. పొద్దటి సంది అడ్డా మీదనే కూసున్నడట, ఎవ్వరూ పిలవలేదట. తట్ట సగమే నింపుకొని, గోడ పట్టుకుంట ఎక్కిండు. పదకొండు తట్టలు, నేను లెక్కపెట్టిన. ఆరింటికి ముగ్గురికీ తలా ఎనిమిది వందలు ఇచ్చిండు ఈయన! పొద్దటోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు గని ఏమనలే. అన్నది నేనే, వంటింట్ల గిన్నెలు ఎత్తేసుకుంట.

"మత్తయి ఇరవై సదువుకోపో" అన్నడు. బైబిల్ల యేసు చెప్పిన కథ అది: ద్రాక్షతోట యజమాని సాయంత్రం వచ్చిన కూలోళ్లకూ పొద్దటోళ్లంతే కూలి ఇస్తడు. ఒళ్లు మండింది. నాకు చెప్తడా? ఎఫెసీ రెండో అధ్యాయం తప్పు లేకుండ అప్పజెప్పి సండే స్కూల్ల స్టీలు గిన్నె గెలిచినదాన్ని. 'ఎవడును అతిశయపడ వీలులేదు' అన్న వాక్యం దాంట్లోదే. (ఆ గిన్నె ఇప్పటికీ అందరికీ చూపిస్త. నవ్వకుండ్రి.)

అసలు మంట బాపుది. ఆజంజాహీ మిల్లుల రాత్రి డ్యూటీ చేసొచ్చి ఆదివారం పండుకునేటోడు. మేం చర్చికి పోతుంటే దుప్పట్లకెళ్లి "మీ దేవునికి నా సలాం చెప్పుండ్రి" అనేటోడు. ఎన్నేండ్లు అట్లనే! చివరికి దవాఖాన మంచం మీద, తనే అడిగి బాప్తిస్మం తీసుకున్నడు. పాస్టరుగారు పోసిన నీళ్లు చెవెనక నుంచి దిండు మీదికి కారితే అమ్మ కొంగుతోని తుడిచింది. మూడు రోజులకు పోయిండు. సమాధికాడ నాకు ఏడుపు కంటె ముందు కోపమొచ్చింది. నా శుక్రవారం ఉపవాసాలన్నీ ఏంటికి మరి?

ఇందాక మత్తయి తీసిన. యజమాని తెల్లారుజామున పోయిండు, మళ్ల తొమ్మిదికి, పన్నెండుకు, మూడుకు, ఐదుకు. ఐదుసార్లు అడ్డా మీదికి తనే పోయిండు. కూలోళ్లు ఎవరూ తోట తలుపు కొట్టలే. బాపు కూడ తనే అడిగిండని ఇన్నేండ్లు అనుకున్న. ఆ అడగబుద్ధి పుట్టించిందెవరు? జర నిమ్మళమైంది.

ఎక్కువసేపు నిలవలే. పెద్దబాపు యాదికొచ్చిండు. తమ్ముడి కంటె మెత్తటి మనిషి, ఒకరికి కీడు చేయలే. చీకటి పడేదాక ఆయనను ఎవరూ పిలవనే లేదా? రక్షణ పొందేటోళ్లను దేవుడు లోకానికి ముందే తన ఇష్టంతోనే ఏర్పరచుకున్నడని ఒకరు, ఎవరు నమ్ముతరో ముందే చూసి ఏర్పరచుకున్నడని అర్మీనియస్ అనే హాలండు బోధకుని వెనకటోళ్లు. హాలండు దేశపు డోర్ట్ ఊర్ల 1618 నవంబరు నుంచి 1619 మే దాక సంఘ పెద్దలు కూసొని మొదటి మాటే నిజమని తేల్చిండ్రు. అర్మీనియస్ దిక్కు పాస్టర్ల కొలువులు ఊడినయి. బాపును తలుసుకుంటే డోర్ట్ వాళ్లదే నిజమనిపిస్తది. పెద్దబాపును తలుసుకుంటే ఆ కొలువులు పోయినోళ్ల పక్కన కూసుంట.

పోయేటప్పుడు ముసలాయన తువ్వాల దులుపుకుంట "రేపు గూడ పనున్నదా అమ్మా?" అని అడిగిండు. ఈయన నోరు తెరవకముందే లేదన్న.

ఇసుక సగం కిందనే ఉన్నది.