ఐదెకరాల లెక్క

మన 2002-03 పదో తరగతి గురించి రాసివ్వమని సంచిక సంఘం వారు కోరినప్పుడు, చింతచెట్టు పంచాయితీ గురించో, హిందీలో 20 మార్కుల గండం గురించో రాద్దామని కూర్చున్నాను. కలం పట్టగానే లెక్కల సారు తప్ప మరొకటి గుర్తుకు రాలేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా జరిగినవి మీలో ఎవరైనా రాయగలరు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. అనంతపురం జిల్లాలో సగటున కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ రాకపోవడంతో శెనక్కాయ చెట్టు పీకితే వేళ్లకు మట్టే తప్ప కాయలు పెద్దగా కనిపించలేదు. కొందరం చేలల్లో ఉన్నాం, కొందరు తల్లిదండ్రుల వెంట బెంగళూరు కట్టడం పనులకు వెళ్లారు. మన మార్కులు పడిపోయింది బుద్ధి చాలక కాదు, బడికి రోజులు చాలకనే అని నేను ఈనాటికీ గట్టిగా నమ్ముతాను.

ఒక సాయంత్రం సారు సైకిలు మా గట్టున ఆపి, మాతోపాటు కూర్చుని కాయ విడిపిస్తూ, ఉన్నదాంట్లో ఎక్కువ లాభం ఎలా తీయాలో గీతలతో లెక్కగట్టే ఏకఘాత ప్రణాళిక పాఠం మొదలుపెట్టారు. కంది పుల్లతో నేలమీద రెండు అక్షాలు గీసి, అడ్డంగా శెనక్కాయ ఎకరాలు, నిలువుగా కంది ఎకరాలు అన్నారు. విత్తనానికి ఎంత, కూలికి ఎంత అని మా నాయననే అడిగి గీతలు గీసి, మధ్యలో మిగిలిన బహుభుజి మూలల్లోనే ఎక్కువ లాభం దొరుకుతుందని చూపించారు.

నాయన చాలాసేపు ఆ గీతలను చూసి, "వాన గీత యాడ గీస్తావు సారూ?" అన్నాడు.

సారు జవాబు చెప్పలేదు. పుల్ల పక్కన పెట్టి, "మీరు బెంగళూరికి పోతే పొండి, పిల్లోణ్ణి మాత్రం మార్చి దాకా వాళ్ల అవ్వ దగ్గర వదలండి" అన్నారు. నాయన తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుని, సరేనన్నాడు. ఆ రాత్రి నుంచి పరీక్షల దాకా పెట్రోమాక్స్ వెలుగులో జరిగిన తరగతులు మీకందరికీ తెలిసినవే.

లెక్కల రెండు పేపర్లలో కలిపి నాకు 91 వచ్చాయి. ఇప్పుడు డిగ్రీ విద్యార్థులకు గణితం చెబుతున్నాను. ఆ పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని కుర్చీలూ బల్లలూ వదిలి, నాయన ఐదెకరాలనే నల్లబల్ల మీద గీస్తాను. చేనుల నుంచి వచ్చిన పిల్లలెవరో ఒకరు, ప్రతి ఏడూ, వాన సంగతి అడుగుతారు.